ఈ మధ్యాహ్నం రాక్ చచ్చిపోతుంది

"రాక్ చచ్చిపోయిందా, బతికే ఉందా? శ్రోతలే తేలుస్తారు," అంది స్టేషన్ మేనేజరమ్మ, టీ కప్పులో చెంచా తిప్పుతూ. "బతికుందంటే నీ కార్యక్రమం ఉంటుంది. చచ్చిపోయిందంటే ఆ గంట పరుపుల కంపెనీ వాళ్ళు తీసుకుంటారు. హాయిగా నిద్ర పట్టడం ఎలా అని ఏదో మొదలుపెడతారట."

ఉరుము కుర్చీలో కొయ్యబారిపోయాడు.

ఉరుము అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, రేడియో పెట్టిన పేరు. లోకమంతా కునుకు తీసే మధ్యాహ్నం మూడింటికి, వారానికోసారి, గంటసేపు రాక్ సంగీతం వినిపించడం అతని ఉద్యోగం. వినిపించడం అంటే మరీ అచ్చంగా వినిపించడమని కాదు. పాట వేసేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. వేశాక అంతరార్థం చెప్పాలి. అంతరార్థం మంచి పాకాన పడే వేళకి ప్రకటన వచ్చేస్తుంది: "ఎన్ని ఉరుములు ఉరిమినా మెలకువ రానివ్వని పరుపులు!" ఇవన్నీ పోగా గంటలో పాటలకు మిగిలేది చారెడు.

"సంగీతానికి ఓటింగేంటి మేడమ్?" అన్నాడు తేరుకుని. "నా శ్రోతలు వేరు. వాళ్ళు ఫోన్లు చెయ్యరు. ఆలోచిస్తారు."

"అవును, నీ కార్యక్రమానికి ఇప్పటిదాకా వచ్చిన ఫోన్లన్నీ రాంగ్ నంబర్లే. వచ్చే వారం చర్చ. నువ్వు ఇటు. అటు పక్షానికి కూడా మనిషి దొరికాడు."

"ఎవరు?"

"మీ బావగారే."

ఉరుముకి ఎడమ దవడలో కింది పన్ను జివ్వుమంది. ఆ పన్ను కొన్ని నెలలుగా అంతే. చెడ్డవార్త వస్తే అతనికన్నా ముందు దానికి తెలుస్తుంది.

బావ పెద్ద పత్రికలో సంగీత విమర్శకుడు. ఏటేటా క్రమం తప్పకుండా రాక్ సంగీతానికి ఒక సంతాప వ్యాసం రాస్తాడు. అందుకే అందరూ ఆయన్ని శ్రద్ధాంజలిగారు అంటారు. ఒక ఏడాది రాక్‌ని కంప్యూటర్లు చంపాయన్నాడు. ఇంకో ఏడాది సెల్‌ఫోన్లు చంపాయన్నాడు. కిందటేడు ఆత్మహత్య అని తేల్చాడు. ఒకే శవానికి ఇన్ని పోస్టుమార్టాలు చేసి, ప్రతిసారీ కొత్త హంతకుణ్ణి పట్టుకున్న ఘనత ఆయనది. జీతం మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది.

ఒకప్పుడు, కాలేజీ రోజుల్లో, వీళ్ళకో బ్యాండు ఉండేది. ఉరుము ముందు నిలబడి గిటారు వాయించేవాడు. బావ అప్పటికింకా బావ కాదు, డ్రమ్ముల మీద ఉండేవాడు. ఉరుము అక్క వెనకాల స్పీకరు పక్కన నిలబడి, వీళ్ళిద్దరూ గతి తప్పకుండా గిటారుతో తాళం పట్టేది. మొదటి కచేరీ జరగకుండానే బ్యాండు విడిపోయింది. రాక్ చచ్చిపోయిందా, లేదా అని రిహార్సల్లో మగాళ్ళిద్దరికీ వాదన మొదలైంది. అది ఇప్పటికీ పూర్తి కాలేదు. అక్క మటుకు ఒకరోజు వాదన మధ్యలో గిటారు పెట్టెలో పెట్టేసి, వెళ్ళి పళ్ళ డాక్టరు చదువులో చేరింది. ఆ తర్వాత ఆ డ్రమ్మర్నే ఎందుకు చేసుకుందో ఎవరికీ అర్థం కాలేదు. గిటారు అమ్మేశానంది. ఎవరూ ఎక్కువ ఆరా తియ్యలేదు.

"సరే," అన్నాడు ఉరుము. "నా దగ్గరా ఒక ఆయుధం ఉంది మేడమ్. అజ్ఞాతుడు."

మేనేజరమ్మ చెంచా తిప్పడం ఆపింది. అజ్ఞాతుడి సంగతి ఆమెకీ తెలుసు. కొంతకాలంగా స్టేషను నంబరుకి ఊరూ పేరూ లేకుండా పాటలు వస్తున్నాయి. పాటలంటే మాటలుండవు, ఒంటరి గిటారు. వెనకాల సన్నని రొద. దానికి తోడు, ఉండుండి గుటకలు వేస్తున్నట్టు ఒక విచిత్రమైన చప్పుడు. ఎక్కడా వినని వాయిద్యం, ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోని బాణీ. ఉరుము వాటి మీద ధారాళంగా ప్రసంగించాడు. ఆ రొద యంత్ర నాగరికత ఆక్రందన అన్నాడు. ఆ గుటకల చప్పుడు మునిగిపోతున్న మనిషి చివరి ఊపిరి అన్నాడు. చెబుతూ ఒకసారి తనే కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"రాక్ ఇంకా ఎదుగుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు.

"అయితే ఆ సాక్షిని తీసుకొచ్చి స్టూడియోలో కూర్చోబెట్టు. అజ్ఞాతుడు మొహం చూపించాడంటే ఫోన్లు వాటంతట అవే మోగుతాయి. తేలేదనుకో, నీ ఇష్టం, పరుపులైనా మంచివే, రెండు ఇప్పిస్తాను."

*

వేట మొదలైంది.

ఆ పాటలు వచ్చే కొత్త నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తరు. సందేశం పెడితే జవాబు లేదు. ఉరుము పాటలన్నీ తీసుకుని స్టేషను సౌండ్ ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన గిటారుని తగ్గించి, వెనక రొదను పెంచి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"యంత్ర నాగరికత ఆక్రందన కదూ?" అన్నాడు ఉరుము.

"గాలి నింపే కంప్రెసరండి," అన్నాడు ఇంజినీరు. "చిన్నది. ట్యాంకు నిండగానే ఆగుతోంది, తగ్గగానే మళ్ళీ మొదలవుతోంది. ఇంకో సంగతి విన్నారా? గిటారు మామూలు శ్రుతిలో లేదు. ఆ మిషను రొదకే తీగలు శ్రుతి చేసుకున్నాడు మనవాడు. అందుకే అన్ని పాటలూ ఒకే శ్రుతిలో ఉన్నాయి."

"అది నేను మొదటిరోజే పసిగట్టాను," అన్నాడు ఉరుము. పసిగట్టలేదు. మొదటిరోజు పాట నడుస్తున్నంతసేపూ దాని గురించి ఏం మాట్లాడాలో రాసుకుంటూ కూర్చున్నాడు.

కంప్రెసరంటే పంక్చర్ షాపు. అజ్ఞాతుడు కార్మికుడు! నల్లబడిన చేతులు, టైర్ల మధ్య ఒక పాత గిటారు! ఉరుముకి ఒళ్ళు పులకరించింది. పరిచయ వాక్యాలు అప్పుడే సిద్ధమైపోయాయి. ఊళ్ళో ఉన్న పంక్చర్ షాపులన్నీ గాలించాడు. పన్ను పోటు పెడుతుంటే చెంపకి జేబురుమాలు కట్టుకుని, ప్రతి షాపు ముందూ చెవి రిక్కించి నిలబడ్డాడు.

"మీరు గిటారు వాయిస్తారా?" అని ఒక మెకానిక్‌ని గుచ్చి గుచ్చి అడిగాడు.

మెకానిక్ అతని చెంపకున్న రుమాలు చూశాడు. అతని స్కూటరు చూశాడు. "చక్రాల్లో గాలి బానే ఉంది సార్. ముందు ఆ పన్ను చూపించుకోండి," అన్నాడు.

పెయింటు స్ప్రే చేసే షెడ్డులో కుక్కని వదిలారు.

అక్క ఫోన్ చేసింది. "పన్ను ఎలా ఉందిరా?"

"ఏ పన్ను?"

"పోయినసారి భోజనానికొచ్చి ఒక పక్కనే నములుతూ కూర్చున్నావు చూడు, ఆ రెండో పక్కది. క్లినిక్‌కి రమ్మంటే రావు. భయమేంట్రా నీకు, గాడిదలా పెరిగావు?"

"భయం కాదక్కా, పనిలో ఉన్నాను. చరిత్రాత్మకమైన పని."

"చరిత్ర చీము పడితే దవడ వాస్తుంది. తర్వాత నీ ఇష్టం."

వెనకాల నుంచి బావ గొంతు ఖంగుమంది. "ఏమోయ్ బావమరిదీ! చర్చకి నల్ల చొక్కా వేసుకొస్తావా, తెల్లదా? కర్మకాండకి ఏది బాగుంటుందంటావ్?"

"మీ వ్యాసాలు చదివి చచ్చినవాళ్ళకి ఏది వేశారో అదే వేసుకొస్తాను బావా."

"నా వ్యాసాలు చదివేవాళ్ళైనా ఉన్నార్రా. నీ కార్యక్రమం వినేది నువ్వొక్కడివే. నువ్వు కూడా వినవు, మాట్లాడతావు."

అక్క ఫోన్ పెట్టేసింది. ఎప్పుడూ అంతే. వాళ్ళిద్దరూ మొదలుపెడితే తను పెట్టేస్తుంది.

*

చర్చ రోజు పొద్దున్నకి అజ్ఞాతుడు దొరకలేదు, చీము దొరికింది. దవడ ఇంతెత్తున వాచింది. మంచినీళ్ళు తాగితే పిడుగు పడ్డట్టుంది. మధ్యాహ్నానికి ఉరుము ఇక ఆగలేక, అక్క క్లినిక్ తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు.

భోజన విరామం. ఎదుటి గదిలో ఖాళీ బెంచీ, పాత పత్రికలు, పళ్ళు చూపించి నవ్వుతున్న పోస్టరు. అక్క తెల్లకోటులో లోపలి గదిలోంచి వచ్చింది. ఏదో దాచి వచ్చినట్టు తలుపు వెనక్కి లాగింది. ఉరుము అది చూశాడు. నొప్పితో పట్టించుకోలేదు.

"వచ్చావా చరిత్రా, రా కూర్చో."

"చర్చ ఉంది అక్కా... మూడింటికి... మాట్లాడాలి..."

"నోరు తెరు."

తెరిచాడు. సూది దిగింది. దవడ వెనక నుంచి ఒక చల్లదనం పాకి, కింది పెదవి ఎడమ సగం, నాలుక ఎడమ సగం తనవి కాకుండా పోయాయి. నోట్లో దూది, పక్కన లాలాజలం పీల్చే గొట్టం. గొట్టం గుటకలు వేసింది.

మునిగిపోతున్న మనిషి చివరి ఊపిరి!

ఉరుము కళ్ళు పెద్దవయ్యాయి. అంతలో గోడ అవతల ఏదో మిషను మొదలైంది. సన్నని రొద. అతని దుంపతెంచిన అదే రొద, అదే శ్రుతి. ఊళ్ళో ఉన్న ప్రతి టైరు ముందూ నిలబడి వెతికిన రొద. అక్క చేతిలో పన్ను తొలిచే పరికరానికి గాలి అందించేది అదే.

"ఆ... ఆఁ... ఊఁ!" అన్నాడు.

"కదలకు. నరం దగ్గర ఉన్నాను."

ఉరుము చెయ్యెత్తి లోపలి గది వైపు చూపించాడు. కాస్త తెరుచుకున్న తలుపు సందులోంచి గిటారు మెడ కనిపిస్తోంది. అక్క అటు చూసింది. ఇటు చూసింది. మాస్కు వెనక నిట్టూర్చింది.

"తెలిసిపోయిందా? సరేలే. ఎప్పుడో ఒకప్పుడు పన్ను పుచ్చుతుందని, వస్తావని అనుకున్నాను. నీకు మిఠాయిలంటే ప్రాణం కదా."

"ఎం... ఎంఉఊ..."

"ఎందుకు చెప్పలేదనా? చెప్తాను విను. ఇప్పుడైతే వింటావు. నేను పళ్ళ డాక్టర్ని ఎందుకయ్యానో తెలుసా? మీ ఇద్దరి పుణ్యమా అని. ఎదుటివాడు నోరు బార్లా తెరిచి కూడా ఒక్కమాట మాట్లాడలేని చోటు ప్రపంచంలో ఇదొక్కటేరా." పరికరం గిర్రున తిరిగింది. "భోజనం వేళ పేషెంట్లు ఉండరు. కంప్రెసర్ ఆపితే మళ్ళీ ఎక్కడానికి తాత్సారం చేస్తుంది, ఈలోగా ఎవరైనా దవడ పట్టుకుని వస్తే? అందుకని దాన్నలాగే ఉంచి, దాని శ్రుతికే గిటారు బిగించాను. ఈ గొట్టాన్ని గ్లాసు నీళ్ళల్లో పెడితే తాళం. డ్రమ్మరు ఏడి మరి? ఆయన వ్యాసాలు రాసుకుంటున్నాడాయె."

ఉరుము కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కొంత నొప్పికి. కొంత, యంత్ర నాగరికత ఆక్రందనకి.

"చివరి ఊపిరి అన్నావు చూడు, ఆ రోజు నవ్వలేక చచ్చాను. ఒకావిడ నోట్లో చెయ్యి పెట్టుకుని ఉన్నాను అప్పుడు."

అతను వేళ్ళతో స్టూడియో, మైకు, ఆమె, రావాలి, అని సైగలు చేశాడు. దణ్ణం పెట్టాడు.

"రాను," అంది అక్క. "ఎవరో ఏమిటో తెలియనంతవరకే అది పాట. తెలిసిందో, ఇక దాన్ని వినేవాడుండడు. ఆడమనిషట, ఈ వయసులోనట, పళ్ళ డాక్టరట అని వారంపాటు మాట్లాడతారు. మీ బావ ఒక వ్యాసం, నువ్వు రెండు గంటలు. అక్కడికి నిజంగానే చచ్చిపోతుంది. నా పేరు నీ నోట వచ్చిందంటే, మిగతా పళ్ళు మత్తు లేకుండా పీకుతాను." దూది తీసింది. "తాత్కాలికంగా మూశాను. వచ్చే వారం మళ్ళీ రా. ఇవాళ్టి పాట ఇందాకే స్టేషనుకి పంపాను. అదొకటి వేసుకో."

"అక్కా," అన్నాడు లేస్తూ. ఆ ఒక్కమాటా స్పష్టంగా వచ్చింది. తర్వాత "బావతో ఎలా వాదించను" అనబోయాడు. పెదవి కలవక అది గాలిగా, చొంగగా వచ్చింది.

"మత్తు సాయంత్రానిగ్గానీ దిగదు," అంది అక్క, చేతి తొడుగులు విప్పుతూ.

*

మూడయింది. ఎర్రదీపం వెలిగింది.

శ్రద్ధాంజలిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల కట్టతో వచ్చాడు. గొంతు సవరించుకుని, రాక్ ఎప్పుడు పుట్టింది, ఎలా బలిసింది, ఎందుకు కుళ్ళింది, ఏ విధంగా కన్నుమూసింది, చదువుకుంటూ పోయాడు. గొప్పగా మాట్లాడాడు. తనకి తనే చప్పట్లు కొట్టుకోకుండా నిగ్రహించుకున్నాడు.

"ఇవాళ రాక్ పేరుతో మనం వింటున్నది," అని ముగించాడు, "శవపేటికకి కొడుతున్న రంగు మాత్రమే. ఇప్పుడు నా బావమరిది రంగు డబ్బా తెరుస్తాడు."

ఉరుము మైకు దగ్గరికి జరిగాడు. "ఫ్రి... హ్రి... హ్హి..." అన్నాడు. చుబుకం మీదికి చొంగ జారింది.

"గమనించారా శ్రోతలారా," అన్నాడు బావ, ఆనందం పట్టలేక, "రాక్ తరఫున మాట్లాడదామంటే మనిషికి నోరే రావడం లేదు. దీన్నే నేను సాక్ష్యం అంటాను."

అద్దం అవతల సౌండ్ ఇంజినీరు తల పట్టుకున్నాడు. మేనేజరమ్మ మాత్రం ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనించింది: 'అతనెవరో చెప్పు. షో నీదే.'

ఉరుము ఆ అట్టముక్క వైపు చూశాడు. తన ఉద్యోగమంతా అందులో ఉంది. ఇన్నేళ్ళ మధ్యాహ్నాలు, తన పేరు, తన కుర్చీ. అవి నిలవాలంటే చాలా మాటలు అక్కర్లేదు. ఈ పూట అతని నోట సవ్యంగా పలికే మాట ఒకే ఒక్కటుంది. కావలసింది కూడా అదే. పెదవులతో పని లేదు, గొంతులోంచి నేరుగా వచ్చేస్తుంది. 'అక్క' అంటే చాలు. బావ మొహం చూడొచ్చు. జన్మకి సరిపడా వినోదం.

నోరు తెరిచాడు.

వెనకాల స్పీకరు పక్కన నిలబడి తాళం పట్టే అక్క గుర్తొచ్చింది. అప్పుడు ఆమె ఎలా వాయించేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. తను వింటేగా.

నోరు మూసేశాడు. మైకు మీట కిందికి లాగి, పాట మీట పైదాకా తోశాడు.

రొద మొదలైంది. దాని మీద ఒక తీగ, ఇంకో తీగ. కొత్త పాట, అతనూ వినలేదు. గిటారు తొందరపడలేదు. మిషను గాలి నింపుకునేంతసేపూ అది ఓపికపట్టి, మిషను ఆగీ ఆగగానే ఆ నిశ్శబ్దంలోకి దూకింది. పళ్ళు కొరికి ఆపుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డట్టు గిటారు బొబ్బలు పెట్టింది. కింద గ్లాసులో నీళ్ళు గుటకలు వేస్తూ తాళం తప్పకుండా నడిచాయి. మళ్ళీ మిషను అందుకుంది. గిటారు దానికి దారిచ్చి, పక్కనే నడిచింది. ఉరుముకి దీని అంతరార్థం ఏమిటో తట్టలేదు. నోరు లేనివాడికి అంతరార్థాలు తట్టవు. జీవితంలో మొదటిసారి అతను పాటని మొదటి నుంచి చివరిదాకా విన్నాడు.

బావ మొదట గడియారం చూసుకున్నాడు. తర్వాత కాగితాలు సర్దుకున్నాడు. గొట్టం ఇంకోసారి గుటక వేసేసరికి, ఆయన చెయ్యి ఆయనకి తెలియకుండానే చెంప మీదికి వెళ్ళింది. కిందటేడు రెండు పళ్ళు బాగు చేయించుకున్న చెంప. చెంప పట్టుకుని, వెల్లకిలా పడుకున్నవాడిలా కప్పు వైపు చూశాడు. మెల్లగా కళ్ళు దించి బావమరిదిని చూశాడు.

ఉరుము చూపుడువేలు తన పెదవుల మీద పెట్టుకున్నాడు. వేలు తగిలిందో లేదో తెలియలేదు.

పాట అయిపోయింది. స్టూడియోలో ఇద్దరు మగాళ్ళు, రెండు మైకులు, ఒక్క మాట లేదు. రేడియోలో ఇంత నిశ్శబ్దం వస్తే ఎవరివో ఉద్యోగాలు పోతాయి.

"ఇంకోటి..." అన్నాడు శ్రద్ధాంజలిగారు ఎట్టకేలకు. "ఇంకోటుందా?"

ఉరుము ఇంకోటి వేశాడు. ఆ తర్వాత ఇంకోటి. గంటంతా అవే. పరుపుల ప్రకటన కూడా వెయ్యడం మరిచిపోయారు.

ఫోన్లు మోగాయి. రాంగ్ నంబర్లు కావు. "ఇన్నేళ్ళుగా వింటున్నాను సార్, మీ కార్యక్రమంలో పాటలు కూడా ఉంటాయని ఇవాళే తెలిసింది," అన్నాడొక బస్సు డ్రైవరు. "ఆ వాగేవాడు పోయాడా? పాపం, మంచిపని జరిగింది," అంది ఒక పెద్దావిడ. రాక్ బతికుందా చచ్చిపోయిందా అన్న ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడు వేస్తారని అడిగి పెట్టేశారు.

మేనేజరమ్మ అట్టముక్క చింపి చెత్తబుట్టలో వేసింది.

"కార్యక్రమం ఉంటుంది," అంది. "ఒక షరతు. నీకా మత్తు ఇంజక్షను ఇచ్చిన డాక్టరెవరో కనుక్కుని రేటు మాట్లాడతాను. ప్రతి వారం స్టేషను ఖర్చుతో వేయిస్తాం."

*

ఆదివారం పత్రికలో శ్రద్ధాంజలిగారి వ్యాసం యథావిధిగా వచ్చింది. రాక్ చచ్చిపోయిందనే రాశాడు. ఆయనకూ ఇల్లు గడవాలి కదా. కాకపోతే ఈసారి వ్యాసం సగానికి సగం కురచగా ఉంది, హంతకుడి పేరు ఎక్కడా లేదు.

మరుసటి వారం, భోజన విరామంలో, ఉరుము అక్క చెప్పినట్టే క్లినిక్‌కి వెళ్ళాడు. బుర్రలో వంద ప్రశ్నలున్నాయి. మిషను ఆగగానే గిటారుతో అలా దూకడం ఎలా తట్టింది? అన్నాళ్ళు వెనకాల ఎందుకు నిలబడ్డావు? గిటారు అమ్మేశానని మా ఇద్దరికీ ఎందుకు చెప్పావు?

"అక్కా, నేనొకటి అడగాలి..."

"నోరు తెరు," అంది అక్క.

తెరిచాడు. దూది పడింది. గోడ అవతల కంప్రెసరు అందుకుంది. అక్క చేతి తొడుగులు విప్పి, లోపలి గదిలోంచి గిటారు తెచ్చుకుని, అతని పక్కన ఎత్తు బల్ల మీద కూర్చుంది. గొట్టాన్ని గ్లాసులోకి జారవిడిచింది.

సగం తెరిచిన తలుపులోంచి ఎదుటి గది కనిపిస్తోంది. బెంచీ మీద, నొప్పి లేని చెంపని చేత్తో పట్టుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని బావ కూర్చుని ఉన్నాడు.